బిందు వచ్చేదాకా

“ఐసు లేదు మాలిక్. నిన్నట్నుంచీ కరెంటే సరిగ్గా లేదు, ఇక ఐసెక్కడ కడుతుంది?” అన్నాడు ఫ్యాక్టరీ గుమాస్తా, అట్టముక్కతో విసురుకుంటూ.

మాలిక్ బండి దగ్గర ఉన్నదంతా పొద్దున్నే అయిపోయింది. రేపు తెల్లవారేసరికి బిందుమాధవి నాగపూరు నుంచి వస్తోంది. యలమందయ్యకి ఒక్కగానొక్క కూతురు. “అది వచ్చేదాకా ఐసుకి లోటు రాకూడదు మాలిక్, ఏం చేస్తావో ఏమో” అని బిందు తల్లి సుబ్బరావమ్మ వదిన మరీమరీ చెప్పింది. తను చూసుకుంటానని మాటిచ్చాడు.

యలమందయ్య ఇంటికి ఐసు! ఈ ముక్క వింటే అద్దంకి బస్టాండు బస్టాండంతా పగలబడి నవ్వుతుంది. ఇంకో రోజైతే మాలిక్ కూడా నవ్వేవాడే.

రోడ్డుకి అటు యలమందయ్య వేడి టీ కొట్టు, ఇటు మాలిక్ ఐస్ టీ బండి. డికాషన్‌లో నిమ్మకాయ పిండి, పంచదార కలిపి, ఐసు ముక్కలేసి ఇస్తే మొదట్లో జనం మాలిక్‌ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. తర్వాత్తర్వాత కండక్టర్లూ డ్రైవర్లూ రెండు పార్టీలైపోయారు.

“ఒరేయ్ మాలిక్, చల్లారిన టీ మేం కాలవలో పారబోస్తాంరా. నువ్వు అమ్ముకుంటున్నావు!” అని యలమందయ్య రోడ్డుకి అటునుంచి కేకేసేవాడు.

“ఈ ఎండల్లో పొగలు కక్కే టీ తాగేవాళ్ళకి నెత్తిన తడిగుడ్డ కూడా నువ్వే ఇవ్వన్నా!” అని మాలిక్ ఇటునుంచి.

రోజూ ఒక గ్లాసు ఐస్ టీ మర్యాదగా తీసుకెళ్ళి ఇచ్చేవాడు మాలిక్. అంతే మర్యాదగా యలమందయ్య దాన్ని రోడ్డు మీద చల్లేవాడు. దుమ్ము అణగడానికి మహా బాగుంటుందిరా అనేవాడు. బిందు మాత్రం కాలేజీ రోజుల్లో బస్సు చాటున నిలబడి మాలిక్ దగ్గరే తాగేది. పట్టుబడిన రోజున యలమందయ్య చేసిన గోల ఇంతా అంతా కాదు. ఇంట్లోనే వెన్నుపోటు అని బస్టాండంతా తిరిగి చెప్పుకున్నాడు.

ఇక మిగిలింది సింగరాయకొండ. అక్కడ రొయ్యల లోడులకి ఐసు కడతారు. మాలిక్ బస్సెక్కేశాడు. అన్నం తినలేదన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

అక్కడ ఐసు డిపో జక్రయ్యది. మాలిక్‌ని ఎరుగును గానీ, అడ్డంగా తలూపాడు.

“ఇవి రొయ్యల లారీకి చెప్పిన దిమ్మలయ్యా. నీ ఐస్ టీ కోసం నన్ను సరుకు కుళ్ళబెట్టుకోమంటావా?”

ఆ మాటకి మాలిక్ ఒళ్ళు ఝల్లుమంది.

“బిందు వస్తోందన్నా” అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు.

“ఎవరా బిందు?”

“మా అన్న కూతురు.”

జక్రయ్య అతని మొహం వంక చూశాడు. ఎండకి కమిలి, పెదాలు పగిలి ఉన్నాడు మనిషి. “సర్లే, రెండు దిమ్మలు తీసుకుపో. లారీవాడి చేత తిట్లు నేను పడతా.”

మార్కు అనే అతని ట్రాలీ ఆటో దొరికింది. దిమ్మల మీద ఊక పోసి, గోనెపట్టాలు చుట్టి, పక్కనే కూలబడ్డాడు మాలిక్. రోజూ నవ్వుతూ సుత్తితో పగలగొట్టే ఐసే. ఇవాళ దాని మీద చెయ్యి వెయ్యాలంటే భయంగా ఉంది.

ఒంగోలు దాటాక రోడ్డు పక్కన మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఘాటుకే అనుకున్నాడు. గోనెలోంచి నీళ్ళు కారి పాదాలు తడుస్తున్నాయి. అంత ఎండలోనూ చలి మోకాళ్ళ దాకా పాకింది.

“ఏరా, కరిగిపోతోంది చూడు.”

చెవి పక్కనే యలమందయ్య గొంతు. మాలిక్ గిరుక్కున తిరిగాడు. కల్లాలు, తాడిచెట్లు, దుమ్ము. రోజూ వినీ వినీ ఆ గొంతు చెవిలో గూడు కట్టుకుంది, అంతేనని సర్దిచెప్పుకున్నాడు.

“ఆఖరికి మా ఇంటికి ఐసు చేర్చావు కదరా. నెగ్గావులే.”

“ఊరుకో అన్నా! నీకు దణ్ణం పెడతా!” పైకే అరిచాడు మాలిక్.

మార్కు ఉలిక్కిపడి బండి నెమ్మది చేశాడు. “ఎవర్ని భాయ్ అరుస్తున్నావ్?”

“యలమందయ్యని. ఈ ఐసు వాళ్ళింటికే.”

“వేడి టీ యలమందయ్యగారినా? అద్దంకి వచ్చినప్పుడల్లా నా టీ ఆయన దగ్గరే!” మార్కు నవ్వాడు. “ఉండు, వెనకాల ఇట్లా అరిచావని చెప్తా. నీ సంగతి ఆయనే చూసుకుంటాడు.”

మాలిక్ జారిన గోనెపట్టాని మళ్ళీ దిమ్మల మీదికి లాగాడు.

పొద్దు వాలే వేళకి అద్దంకి చేరారు. ట్రాలీని పెరటి సందులో ఆపించాడు మాలిక్. సుబ్బరావమ్మ దొడ్డి గుమ్మంలోనే నిలబడి ఉంది.

“దొరికిందా మాలిక్?”

“దొరికింది వదినా. కాస్త కరిగింది గానీ, తెల్లారేదాకా ఢోకా లేదు.”

“బిందు రైలెక్కిందట. ఫోన్ బూత్ నుంచి కబురొచ్చింది.”

మార్కు ఒక కొస, మాలిక్ ఒక కొస పట్టుకుని దిమ్మని మోసుకుంటూ గడప దాటారు. మార్కు హుషారుగా కేకేశాడు. “యలమందయ్యగారూ! మీ ఐస్ టీ ఆయన్ని పట్టి తెచ్చా. నాకో వేడి టీ పోయించండి!”

గది నడుమ, తల దగ్గర దీపంతో, పొద్దున మాలిక్ ఇచ్చిన ఐసు మీద, కూతురి కడసారి చూపు కోసం పడుకుని ఉన్నాడు యలమందయ్య.