గట్టు మీద కుర్చీ

శాక్సాఫోన్ మొదటిసారి మోగిన రోజున కింది వాటా వీరరాఘవమ్మగారు ఆయాసపడుతూ మేడెక్కి వచ్చారు.

"ఏం పద్మనాభం, దూడేమైనా మేడెక్కిందా నాయనా?"

"కాదు పిన్నిగారూ. సంగీతమండీ."

"అలాగా!" ఆవిడ ఓ క్షణం ఆలోచించారు. "అయితే తలుపులు వేసుకో బాబూ."

పద్మనాభానికి యాభై రెండేళ్లు. గణపవరం బజారులో కిరాణా కొట్టు, దాని మీద గది. పెళ్లి రెండుసార్లు కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. మూడోసారి ఎవరూ అడగలేదు. పగలు కొట్లో నూరుమంది పలకరిస్తారు, కందిపప్పు ఉందా, చింతపండు కొత్తదేనా అని. షట్టరు దించాక అతణ్ణి పేరు పెట్టి పిలిచే మనిషి ఉండడు. ఒంటరితనం అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఓసారి సరుకు కోసం తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడు పెళ్లి ఊరేగింపు ఎదురైంది. బ్యాండులో ఆనంద్ పాల్ అనే అతను శాక్సాఫోన్ ఊదుతున్నాడు. జనం పెళ్లికొడుకుని గాలికొదిలేసి అతని చుట్టూ మూగారు. తనకి అంతమంది అక్కర్లేదు, ఒక్కరు ఆగి వింటే చాలు అనిపించింది పద్మనాభానికి. ఆదివారం ఆదివారం గూడెం బస్సెక్కి ఆనంద్ పాల్ దగ్గర పాఠం మొదలుపెట్టాడు.

"బుగ్గల్తో కాదండీ, పొట్టలోంచి ఊదండి," అనేవాడు మాస్టారు.

పొట్టలోంచే ఊదేవాడు. బయటికొచ్చేసరికి కీచుమనేది.

వీరరాఘవమ్మగారు రెండోసారి మేడెక్కకముందే, ఓ తెల్లవారుజామున శాక్సాఫోన్ పెట్టె స్కూటరు మీద పెట్టుకుని ఊరవతల చేపల చెరువు గట్టు మీదికి వెళ్లాడు. అక్కడ తాటాకు పాక, దాని ముందు ఓ కర్ర, సొట్టలు పడ్డ నూనె డబ్బా. మనిషి అలికిడి లేదు. ఊదేటప్పుడు జారిపోతుందని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక్కడ ఎవరేమంటారులే అన్న ధైర్యంతో ప్రాణం పెట్టి ఊదాడు.

పాకలోంచి తెల్లపంచె మనిషి ఒకాయన పరుగున వచ్చాడు. చెరువు యజమాని సుబ్బరాజుగారు. తిట్లు తప్పవనుకుని పద్మనాభం ఆపేశాడు.

"అయ్యయ్యో, ఆపేశారేంటండీ? కానివ్వండి, కానివ్వండి. రోజూ దయచేయండి. కుర్చీ వేయిస్తాను."

పద్మనాభం కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాటికి నిజంగానే కుర్చీ ఉంది. ఎండ తగలకుండా గొడుగు కూడా. సాధన అయ్యాక చల్లని మజ్జిగ.

"తమరు చేపలు పుచ్చుకోరు కదండీ, లేకపోతే మంచి శీలావతి పంపించేవాణ్ణి," అని రాజుగారు నొచ్చుకున్నారు.

అంతటి రసికుణ్ణి పద్మనాభం ఎక్కడా చూడలేదు. ఊదుతున్నంతసేపూ ఆయన కూర్చోరు. నిలబడి ఆకాశంలోకి చూస్తూ తలూపుతారు. "ఇందాక కీచుమంది చూశారూ, అది మళ్లీ ఒక్కసారండీ," అని అడిగి మరీ వాయించుకుంటారు. ఓ రోజు కుర్చీ తూర్పు గట్టు మీద వేయిస్తారు, ఓ రోజు పడమటి గట్టు మీద. ఇంకోరోజు ఎక్కడుంటుందో తెలీదు. పాట చెరువంతా పరుచుకోవాలని కాబోలు అనుకున్నాడు. పప్పూ ఉప్పూ తెలిసినంతగా చేపల చెరువుల సంగతి అతనికేం తెలుసు?

వినే మనిషి దొరికాక సరిగ్గా నేర్చుకోకపోతే పాపం కదా! కొట్లో బేరం లేనప్పుడు అతని వేళ్లు బల్ల మీద శాక్సాఫోన్ మీటలు వెతుక్కునేవి. నాలుగు నెలలకి కీచు తగ్గింది. ఐదో నెలలో పూర్తిగా పోయింది.

"ఇప్పుడు వినాలనిపిస్తోందండీ," అన్నాడు ఆనంద్ పాల్, ఆ ఆదివారం.

సోమవారం పద్మనాభం ఉతికిన చొక్కా వేసుకుని గట్టుకి వెళ్లాడు. ఒక జోలపాట మొదటినుంచి చివరిదాకా వాయించాడు. ఒక్క స్వరం తప్పలేదు. ఆఖరి స్వరం నీళ్ల మీద అలా సాగి సాగి ఆగింది. చెరువు అంచు పొడవునా తెల్లతెల్లగా ఏదో కనబడుతోంది. పొద్దుటి మంచు అనుకున్నాడు.

రాజుగారి మెప్పు కోసం తలెత్తి చూశాడు. ఆయన తలూపడం లేదు. ఆకాశంలోకీ చూడడం లేదు. నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. పక్కనే సొట్ట లేని కొత్త నూనె డబ్బా ఉంది.

మజ్జిగ గ్లాసు అందించి అన్నారు.

"రేపట్నుంచి తమరు శ్రమ పడొద్దండీ."

పద్మనాభం గ్లాసు కింద పెట్టేశాడు. "ఎక్కడైనా తప్పు వాయించానా అండీ?"

"అబ్బే, ఎంత మాట! ప్రాణం హాయిగా ఉందండీ."

"ఊళ్లో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదండీ."

"మరెందుకండీ రాజుగారూ? కావాలంటే వారానికి ఒక్కరోజే వస్తాను. నా పాట వినేవాళ్లు నాకు మీరొక్కరే ఉన్నారండీ."

సుబ్బరాజుగారి మొహం చిన్నబోయింది. వంగి కర్ర, డబ్బా చేతిలోకి తీసుకున్నారు. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"మొదట్లో తమరు ఊదితే ఒక్క కొంగ కూడా నా చేపల జోలికి వచ్చేది కాదండీ, ఇప్పుడేమో చుట్టుపక్కల చెరువుల కొంగలన్నీ ఇక్కడే వాలి, డబ్బా వాయించినా లేవకుండా తమరి పాట వింటున్నాయండీ."