నాజిల్ ఊదిన వేళ

పొద్దున్నుంచి మబ్బుగా ఉంది, గాలి లేదు. పురుగుమందు కొట్టడానికి మంచి రోజని నేనూ తమ్ముడూ పత్తిచేలో దిగాం. ఎనిమిదింటికి స్ప్రేయరు మూతి, ఆ నాజిల్ మూసుకుపోయింది. ఎప్పటిలాగే వాడు దాన్ని నోట్లో పెట్టుకుని ఊదాడు.

కాసేపటికి, "అన్నా, కళ్ళు మసకేస్తున్నాయి" అన్నాడు.

"పనంటే నీకెప్పుడూ మసకే. ఇంకో నాలుగు ట్యాంకులున్నాయి, కానియ్" అన్నాను.

మూడింటికి చొంగ కారుస్తూ గట్టు మీద పడిపోయాడు. అమ్మా నేనూ ఆసుపత్రికి తీసుకొచ్చాం.

"ఎన్నింటికి తాకింది విషం?" అంది డాక్టరమ్మ.

పొద్దున్నుంచి వాడిచేత పని చేయించానని అమ్మ ముందు అనలేకపోయాను. "రెండింటికమ్మా" అన్నాను.

"అయితే ఫర్వాలేదు. నరాల్ని అదుపులో పెట్టే ఎంజైము ఒకటుంటుంది ఒంట్లో. అది పనిచేసే చోటే ఈ విషం అతుక్కుంటుంది. కొత్తలో అయితే సూదిమందుతో ఊడదీయొచ్చు. గంటలు గడిస్తే ఎంజైము రూపే మారి బిగుసుకుపోతుంది, ఇక విరుగుడు పనిచేయదు. పొద్దున తాకినదైతే ఊపిరి యంత్రమున్న పెద్దాసుపత్రికి ఇప్పుడే పంపేదాన్ని."

నేను గోడకి ఆనుకున్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సమయానికి తెచ్చావురా. వాణ్ణి నువ్వే బతికించావు."

ఉన్న ఒక్క అంబులెన్సు, కాలు విరిగిన ఒకతన్ని ఎక్కించుకుని నాలుగింటికి వెళ్ళిపోయింది. ఎనిమిదింటి సంగతి నేను చెప్పింది నాలుగున్నరకి. తమ్ముడు ఐదున్నరకి పోయాడు.