అడగకూడని ప్రశ్న

“అరగంట! అరగంటసేపు బెల్లు కొడుతూనే ఉందట మా అమ్మ. మీరంతా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారా?”

ఆ గదిలోని రోగులందరూ తలలు తిప్పి చూశారు. నర్సు తడిసిన దుప్పటి తీసి బకెట్లో వేసింది. తుంటి ఎముకకు ఆపరేషనైన పెద్దావిడ సిగ్గుతో గోడవైపు మొహం తిప్పుకుంది. కొడుకు అప్పుడే ఊరినుంచి దిగాడు. చేతిలో సంచీ ఇంకా కింద పెట్టలేదు.

“ఊరుకోరా,” అందావిడ. “ఆ అమ్మాయి ఒక్కతే. ఎంతమందికని పరిగెడుతుంది?”

“నువ్వాగమ్మా! పసిపిల్లలా పక్క తడుపుకునే గతి పట్టించారు నీకు, ఊరుకోవాలా?” అతను నర్సువైపు తిరిగాడు. “ఇంతమందికి ఒక్క నర్సేంటి?”

“మొన్నటిదాకా ఇద్దరం ఉండేవాళ్లం సార్. ఒకర్ని తీసేశారు.”

“తీసేస్తే మీరెలా ఒప్పుకున్నారు? పిలిస్తే ఎవరైనా వస్తున్నారా అని వీళ్లని ఒక్కరైనా అడిగిన పాపాన పోయారా?”

అంతసేపూ తలవంచుకుని ఉన్న నర్సు తలెత్తింది.

“అడిగాం! ఇంటికెళ్లే ప్రతి పేషెంటునీ అడిగాం. ఒక కంపెనీ తయారుచేసిన సర్వే దొరికితే అందులోని ప్రశ్నలే వాడాం. ‘బెల్లు కొడితే వెంటనే ఎవరైనా వచ్చారా?’ ఈ గదివాళ్లంతా రాలేదనే చెప్పారు. అది చూపిస్తేనే పైవాళ్లు రెండో నర్సునిచ్చారు. ఇంతలో ఆ కంపెనీ నుంచి నోటీసు. ఆ ప్రశ్నలకి కాపీరైటుందట! లైసెన్సు లేకుండా అడిగితే కోర్టుకీడుస్తారట!”

అతను సంచీ కింద పెట్టాడు. “మరి... లైసెన్సు తీసుకోవాల్సింది.”

“కాళ్లు పట్టుకున్నంత పనిచేశాం. వాళ్లు చెప్పిన ఫీజుతో ఇంకో ఇద్దరు నర్సుల్ని పెట్టుకోవచ్చు. చిన్న ఆస్పత్రి, కాస్త తగ్గించండి అంటే కుదరదన్నారు. పోనీ అని మా మాటల్లో మేమే రాసుకుంటే, అవీ వాళ్ల ప్రశ్నల్లాగే ఉన్నాయని ఆపించారు. పిలిస్తే వచ్చారా అని అడగడానికి కూడా ఎవడో పర్మిషన్ ఇవ్వాలా సార్? సర్వే ఆగిపోయింది. ‘ఇద్దరు కావాలనడానికి రుజువేది?’ అన్నారు పైవాళ్లు. ఆ రెండో నర్సును ఇంటికి పంపేశారు.”

అతను తల దించుకున్నాడు. అరిచినందుకు సిగ్గుపడుతున్నాడనుకుంది నర్సు. అయినా ఆమె కోపం చల్లారలేదు.

“ఎవడమ్మా వాడు?” పెద్దావిడ ఇటు తిరిగింది. “వాడిని కన్నతల్లి లేదా?”

“లైసెన్సులిచ్చే మేనేజరటమ్మా. మేమెన్నిసార్లు చేసినా ఫోనెత్తడు.” నర్సు తన ఫోన్ తీసింది. “ఇందాక మామీద అరిచారుగా సార్, అదే వాడిమీద అరవండి. మగగొంతు వింటేనైనా భయపడతాడేమో.”

“ఇప్పుడెందుకు సిస్టర్... వదిలేయండి.”

“వదలడమేంట్రా? గట్టిగా అడుగు!” అంది తల్లి. “నా మాటగా కూడా నాలుగు పెట్టు.”

నర్సు నంబరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి, ఫోన్ అతని ముందుకి చాపింది.

అతని జేబులో ఫోన్ మోగింది.