చూసిన తేదీ

సంయుక్తా,

థీసిస్ చివర ఉండే ఆధారాల పట్టికను ఎవరూ చదవరని మొన్న నాకు కాపీ ఇస్తూ అన్నావు. తప్పు. నేను చదివాను. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పినదాన్ని, ఎవరి థీసిస్ అయినా వెనక నుంచే మొదలుపెడతాను.

అచ్చు పుస్తకాన్ని ఎప్పుడు తెరిచావో ఎవరికీ చెప్పనక్కర లేదు. ఇంటర్నెట్ వ్యాసం రేపటికి ఉంటుందో లేదో తెలియదు గనక, చూసిన తేదీ వేయాలి. నువ్వు బుద్ధిగా వేశావు. తొమ్మిది వ్యాసాలకూ ఒకటే తేదీ: 14 సెప్టెంబర్ 1998.

ఆ రోజు హైదర్‌గూడ ఆసుపత్రిలో మీ తాత అడిగారు: "సంయుక్త వస్తున్నదా?"

"జరమట. మంచం మీదికెల్లి లేస్తలేదట," అన్నాను. నువ్వు ఫోనులో చెప్పిన మాటే అది.

"అయితే దాన్ని పరేషాన్ చెయ్యకు. ఈ బత్తాయిలు నాకెందుకు? దానికే పంపియ్యి."

నీ హాస్టలుకు పంపాను. సాయంత్రం ఆరింటికి ఆయన పోయారు.

నువ్వు ఇంటర్నెట్ చూసే నారాయణగూడ దుకాణం నుంచి ఆ ఆసుపత్రికి రిక్షాలో పది నిమిషాలు. అంత జ్వరంలో తొమ్మిది వ్యాసాలు చదివావు, మెచ్చుకోవలసిందే.

పట్టికలో దిద్దాల్సిందేమీ లేదు. రేపు పొద్దున్నే బైండింగు షాపుకు వెళ్లు. కుట్టు పడకముందే నాలుగు కాపీల్లోంచీ తాతకు అంకితమని రాసిన పేజీ తీయించు. దానికి నంబరు లేదు, తీసేసినా మిగతావేవీ మార్చనక్కర లేదు.

అమ్మమ్మ