నాలుగింటికి మోగే రంపం

సాక్రమెంటోలో మా పక్కింటి గెన్నడీ గారికి ఎనభై దాటాయి. రోజూ సాయంత్రం నాలుగింటికి, సరిగ్గా నా ఆఫీస్ కాల్ టైమ్‌కి, ఆయన గరాజ్‌లో పాత సోవియట్ మోటారు రంపం స్టార్ట్ చేసేవారు. ఐదు నిమిషాలపాటు నా మాట నాకే వినపడేది కాదు. పేరు బయటపెట్టొద్దని చెప్పి కాలనీ అసోసియేషన్‌కి కంప్లైంట్ చేశాను. రంపం ఆగిపోయింది.

వారం తర్వాత ఆయన నోటీసు పట్టుకుని మా తలుపు కొట్టారు. ఏళ్ల తరబడి రంపం అదురుకి మొద్దుబారిన వేళ్లు. కాగితం రెండుసార్లు జారి కింద పడింది.

"సైబీరియా అడవిలో నేను చెట్లు కూల్చేవాణ్ణి. నా భార్య వేరా కొమ్మలు నరికేది. మంచులో ఒకరికొకరం కనిపించేవాళ్లం కాదు. రంపం మోగుతుంటే నేను బతికున్నట్టు తనకి గుర్తు. ఇప్పుడు తనకి అన్నీ మరుపే, ఆ శబ్దం తప్ప. అది ఆగిన దగ్గర్నుంచి నామీద చెట్టు పడి నేను చచ్చిపోయానని నా ఎదురుగా కూర్చుని నాకోసమే ఏడుస్తోంది."

కాగితం తీసి ఆయన చేతికిచ్చాను. "నేనేం చేయగలను అంకుల్?"

"కంప్లైంట్ వెనక్కి తీసుకుంటే చాలట."

"అయ్యో! అది ఎవరు చేశారో వాళ్లనే అడగాలి కదా" అన్నాను, ఆయన మొహం చూడలేక.

"అందుకేనమ్మా, మీ దగ్గరికి వచ్చాను" అన్నారాయన.