ఇత్తడి ఇంజన్ కూత

ఇత్తడి ఇంజన్ కడుపులోంచి సన్నగా పొగ లేచింది.

ఆవిరి ఇంజన్‌కు పొగ అందమే. కానీ ఇది లోపల చిప్ కాలిన పొగ.

"అయ్యో!" అంటూ సింధూజ ప్లగ్ పీకేసింది.

వనపర్తి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే మేడమ్ ఆవిడ. మోటారు తీగ బయటి లోహానికి తగలకూడదని క్లాసులో వందసార్లు చెప్పి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు కూర్చుని తీగకు టేపు చుట్టింది.

ఆ ఇంజన్ వాళ్ల నాన్న జయరాజు చేసింది. గద్వాల మీదుగా బొగ్గు బండ్లు నడిపిన డ్రైవర్ ఆయన. రిటైరయ్యాక ఇత్తడి రేకులు కోసి, తను నడిపిన ఇంజన్‌నే మూరెడు పొడవున మళ్లీ కట్టుకున్నాడు. అది మోటారుతో తిరిగేది గానీ మూగది.

ఆయన పోయి ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం నాలుగింటికి గద్వాలలోని ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక.

"ఆ ఇంజన్ సప్పుడు ఒక్కసారి ఇనాలనుంది బిడ్డా" అని తల్లి సత్యమ్మ నెల కిందటే అడిగింది. ఏడాదిలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అందుకే ఈ చిప్. ఫోన్‌లో నొక్కితే చాలు, ఇంజన్ కదులుతుంది, కూత కూడా వేస్తుంది. తెప్పించినవి రెండు. ఒకటి పోయింది. టైము పన్నెండు దాటింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, గేటు దగ్గర ఎవరో దగ్గారు. అరవై దాటిన మనిషి.

"భోజనాలు కూడిక అయినంకనే పెద్దయ్యా. నాలుగింటికి రాండ్రి" అంది సింధూజ తలెత్తకుండానే.

"తిననీకె రాలే బిడ్డా. స్టేషన్ కాడ ఫ్లెక్సీల జయరాజు సార్ ఫొటో సూసిన. సార్ పోయిండని నాకు తెల్వనే తెల్వదు."

సింధూజకు సిగ్గేసింది. లేచి కుర్చీ వేసింది.

"మీరెవరు?"

"మాసయ్యంటరు. మాది ఇటిక్యాల. సార్ ఇంజన్ల నాలుగేండ్లు బొగ్గేసిన."

ఆయన కుర్చీలో కూర్చోలేదు. బల్ల మీది ఇంజన్‌ను చూస్తూ నిలబడిపోయాడు. సింధూజ చిన్న స్పీకర్ చూపించి, ఇంజన్‌కు చప్పుడు, కూత పెడుతున్నానని చెప్పింది.

"స్పీకర్ యాడ పెడ్తవ్?"

"అదే సమజైతలేదు. బొక్కలు కొడితె నాయన చేసింది ఖరాబైతదని భయం."

"ఎనకాల బొగ్గు పెట్టె ఉంది సూడు, దాని అడుగున కొట్టు. ఎవ్వలికీ కనవడది. సప్పుడు కిందికెల్లి తగిలి పైకొస్తది."

ఆయన ఇంజన్‌ను పసిబిడ్డలా ఒడిసి పట్టుకున్నాడు. సింధూజ రంధ్రాలు వేసి స్పీకర్ అమర్చింది. రెండో చిప్ బిగించి, దేవుణ్ణి తలుచుకుని ఫోన్ నొక్కింది.

చక్రాలు కదిలాయి. పొగ రాలేదు. చప్పుడు వచ్చింది!

సింధూజ ఊపిరి పీల్చుకుంది. మాసయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఇది మన ఇంజన్ గాదు బిడ్డా. కుంటుతుంది."

"కుంటుడేంది?"

"చక్రం ఒక్క సుట్టు తిరిగితె నాలుగుసార్లు ఆవిరి ఇడ్వాలె. ఇది రెండుసార్లే ఇడుస్తుంది. మీ యమ్మకు ఇట్టె తెలుస్తది."

సింధూజ చక్రం చూస్తూ లెక్కపెట్టింది. నిజమే. ఫోన్‌లో రెండును నాలుగు చేసింది. ఇంజన్ నిండుగా, తీరుగా దమ్ము తీసింది.

"కూత నన్ను జర ఒత్తనియ్యి" అన్నాడాయన.

రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

"కృష్ణ బ్రిడ్జి దాటంగనె సార్ గిట్లనె ఏసేటోడు. ఇంట్ల పొయ్యి ముట్టియ్యమని మీ యమ్మకు కబురు."

సింధూజ పకపకా నవ్వింది. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు.

"మరి మీరు యాడ రిటైరైనరు?"

"రిటైర్ గాలె బిడ్డా. నడుమనె నౌకరి పోయింది. బొంబాయి పోయి మట్టిపని చేసుకున్న."

"తప్పు గిట్ల చేసిన్రా?" నోరు జారింది సింధూజ. ఊరుకోక, "మా నాయన సర్వీసుల ఒక్క మచ్చ లేదు" అని కూడా అంది.

"అవ్ బిడ్డా. సార్‌కు ఉండొద్దు గూడ" అన్నాడాయన. "నీకెన్నేండ్లు?" అని అడిగాడు.

"ముప్పై నాలుగు."

"సల్లగుండు" అని తలమీద చెయ్యి పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.

"ఉండున్రి, అమ్మ చర్చి కాడికెల్లి వస్తది."

"ఆటో పోతది బిడ్డా" అంటూ వెళ్లిపోయాడు.

కాసేపటికి సింధూజ కూత మళ్లీ వేసి చూస్తోంది. గేటు తీస్తున్న సత్యమ్మ పూల సంచి కింద పడేసి లోపలికి ఉరికొచ్చింది.

"ఆ కూత నీకెవలు నేర్పిండ్రు?"

"ఇటిక్యాల మాసయ్యంట. నాయన కాడ బొగ్గేసేటోడంట. ఇంజన్ గూడ ఆయనే తీరుగ చేపిచ్చిండు."

"మాసయ్యనా! ఏడి? యాడున్నడు?"

సింధూజ చెప్పుల్లేకుండానే రోడ్డుదాకా పరుగెత్తింది. ఇటిక్యాల ఆటో వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి సత్యమ్మ ఇంజన్ పక్కన కూర్చుని ఉంది. కళ్లలో నీళ్లు. ముఖం మాత్రం ఏడాదిగా ఎన్నడూ లేనంత తేటగా ఉంది.

"మీ నాయన రెండుమాట్ల ఇటిక్యాలకు పోయిండు బిడ్డా. మనిషి దొర్కలె. 'మాసయ్యకు నా మీద కోపమే సత్యమ్మా' అనుకుంటనే పానం ఇడిసిండు. కోపమే ఉంటె మనింటికొచ్చి ఇంజన్ బాగుచేసి పోతడా? నా గుండెల మీది బండ దిగింది."

"కోపమెందుకమ్మా? నాయనేం చేసిండు?"

సత్యమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు పుట్టినవని కబురందిన సంబరంల మీ నాయన బండిని ఎర్ర సిగ్నల్ దాటిచ్చిండు. పసిబిడ్డ తండ్రి, ఆయన నౌకరి పోవద్దని, 'సిగ్నల్ ఇచ్చిండ్రని నేనే తప్పు చెప్పిన' అని విచారణల నెత్తినేసుకున్నది ఆ మాసయ్యనే."