అంతరించిన కొర్రమీను

నందిని అనే ఊరి సున్నపురాయి గనుల గుంటలో కొర్రమీను పూర్తిగా అంతరించిందని మార్టిన్ థీసిస్‌లో తేల్చాడు. డాక్టరేటుకి ఎగ్జామినరు సంతకం ఒక్కటే మిగిలింది. ఆనవాయితీ ప్రకారం ఆయన్ని సెక్టర్ నాలుగులోని తమ క్వార్టరుకి భోజనానికి పిలిచాడు.

మార్టిన్ తల్లి లూసీ పులుసు వడ్డించింది.

"ఏం చేపమ్మా ఇది? అద్భుతంగా ఉంది!" అన్నాడు ఎగ్జామినరు.

"కొర్రమీను బాబూ. నందిని గుంటలోదే, బిల్కుల్ తాజా. రోజూ దొరుకుతాది. మావోడు నీసు ముట్టడు, ఆడికేటి తెలుసు!"

మార్టిన్ చేతిలో పప్పన్నం ముద్ద ఆగిపోయింది.

ఎగ్జామినరు ఇంకో ముక్క వేయించుకున్నాడు. తీరిగ్గా తిని, చెయ్యి కడుక్కుని, కాగితాలు అడిగి సంతకం పెట్టాడు.

"నా డాక్టరేటప్పుడు మా అమ్మ వండిందీ అంతరించిన చేపేనయ్యా. పులుసు మాత్రం ఇంత బాగా కుదరలేదు."